పాత అంబాసిడర్‌కు స్పార్క్ ప్లగ్ వైర్లు: కాపర్, కార్బన్, స్పైరల్‌లో ఏది కొనాలి?

రెండు టైప్-సీ కేబుళ్లు పక్కపక్కన పెట్టండి. పైకి రెండూ ఒకటే. కానీ ఒకటి 60 వాట్లతో ఆగిపోతుంది, ఇంకోటి 240 వాట్ల దాకా మోస్తుంది. ఒకటి 480 ఎంబీపీఎస్ దగ్గరే ఉండిపోతుంది, ఇంకోటి 40 జీబీపీఎస్ ఇస్తుంది. తేడా అంతా తొడుగు లోపల ఉంటుంది. ఈ సైట్ చదివే మనకు ఇది కొత్త విషయం కాదు.

పాత పెట్రోల్ కారు బానెట్ ఎత్తితే కనిపించే స్పార్క్ ప్లగ్ వైర్లదీ అచ్చం ఇదే కథ. షాపులో అడిగితే నల్లవి, ఎర్రవి, నీలం రంగువి ముందు పెడతారు. "ఏదైనా ఒకటే, కరెంటు పోతే చాలు" అంటారు. ఆన్‌లైన్‌లో చూస్తే "రేసింగ్ వైర్, పికప్ పెరుగుతుంది" అని రాసి ఉంటుంది. రెండు మాటలూ కరెక్ట్ కాదు. ఏ వైరు కొనాలన్నది వైరు చూసి కాదు, దానికి రెండు చివరలా ఏముందో చూసి తేల్చుకోవాలి. ఎలాగో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందే ఒక మాట. మీ ఇంట్లో ఉన్నది డీజిల్ అంబాసిడర్ అయితే ఇది మీకు అక్కర్లేదు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు, అందులో ఉండేది హీటర్ ప్లగ్.

ఈ గొడవలోకి నేనెందుకు దిగానంటే

కరీంనగర్‌లో మా పెద్దబాపు దగ్గర 1980ల నాటి అంబాసిడర్ మార్క్ 4 ఉంది, పెట్రోల్‌ది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1957లో ఈ కారును మొదలుపెట్టి, 2014 దాకా ఉత్తరపారాలో తయారు చేశారు. 1959 నుంచి ఇందులో 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజిన్ వచ్చింది. నాలుగు సిలిండర్లు, ఒక కార్బొరేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్. ఈసీయూ లేదు, సెన్సర్ లేదు. స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదువుదామంటే కుదరదు.

మా వాళ్లు చాలామంది ఆదిలాబాద్‌లో ఉంటారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా వెళ్లి, సోన్ దగ్గర గోదావరి దాటేదాకా బండి బాగానే పోతుంది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మిస్సింగ్ కొడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ దగ్గుతుంది. పైకి చేరి రోడ్డు చదును కాగానే మళ్లీ మామూలే.

ఒక మెకానిక్ చూసి, "కార్బొరేటర్ మొత్తం ఊడదీయాలె తమ్మీ, అయినా గ్యారంటీ చెప్పలేను. ఇంజిన్ పని గూడ పడొచ్చు" అన్నాడు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరికొచ్చింది. 15 ఏళ్లు దాటిన కారుకు ప్రతి 5 ఏళ్లకోసారి ఇది తప్పదు, ఫిట్‌నెస్ చూపించాలి. అంత ఖర్చు ఎందుకు, స్క్రాప్‌కు ఇచ్చేద్దామని ఇంట్లో మాట మొదలైంది. పెద్దబాపు మాత్రం, "గంత మంచిగ ఉరికే బండిని ఇనుప సామానోనికి ఎందుకిస్తరురా?" అన్నాడు.

చదును రోడ్డు మీద లేని తేడా ఘాట్ మీదే ఎందుకు వస్తోంది? సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లోడ్ పెరిగినప్పుడే బయటపడే బగ్ ఇది. అలాంటి బగ్ ఎక్కడుందో వెతకాలంటే ముందు సిస్టమ్ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

12 వోల్టులు 20,000 వోల్టులు ఎలా అవుతాయి?

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్ గ్యాప్ దాటి నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది ఇగ్నిషన్ కాయిల్. అందులో రెండు చుట్టలు ఉంటాయి, ప్రైమరీలో చుట్లు తక్కువ, సెకండరీలో చాలా ఎక్కువ. సీబీ పాయింట్లు మూసి ఉన్నప్పుడు ప్రైమరీలో కొన్ని ఆంపియర్ల కరెంటు పారి అయస్కాంత క్షేత్రం తయారవుతుంది. పాయింట్లు తెరుచుకోగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. కండెన్సర్ సాయంతో ప్రైమరీలో కొన్ని వందల వోల్టులు, సెకండరీలో 20,000 వోల్టులు, అంతకంటే ఎక్కువ కూడా పుడతాయి.

అది కాయిల్ నుంచి మధ్య వైరు ద్వారా డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కు, అక్కడి నుంచి రోటర్ ద్వారా వరసగా నాలుగు ప్లగ్ వైర్లకు వెళుతుంది. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. మొత్తం వైర్లు 5 అన్నమాట. 3,000 ఆర్‌పీఎం దగ్గర కాయిల్ సెకనుకు 100 స్పార్కులు ఇవ్వాలి.

ఇక్కడ ఒక కీలకమైన పాయింట్ ఉంది. కాయిల్ ప్రతిసారీ ఫుల్ వోల్టేజ్ ఇవ్వదు. ప్లగ్ దగ్గర గాలి తెగి స్పార్క్ దూకడానికి ఎంత కావాలో అంతవరకే వోల్టేజ్ పెరుగుతుంది. సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువైతే స్పార్క్ దూకడం కష్టం, కాబట్టి ఎక్కువ వోల్టేజ్ కావాలి. చదును రోడ్డు మీద థ్రాటిల్ కొంచెమే తెరిచి ఉంటుంది, సిలిండర్‌లోకి వెళ్లే మిశ్రమం తక్కువ, ఒత్తిడి తక్కువ. ఘాట్ ఎక్కేటప్పుడు థ్రాటిల్ మొత్తం తెరుస్తాం. సిలిండర్ నిండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, దాంతో వోల్టేజ్ డిమాండ్ కూడా పెరుగుతుంది.

అప్పుడు వైరు ఇన్సులేషన్‌లో ఎక్కడైనా సన్నని పగులుంటే, కరెంటుకు ప్లగ్ గ్యాప్ కంటే ఆ పగులే సులువైన దారి అవుతుంది. అక్కడి నుంచి ఇంజిన్ బాడీకి దూకుతుంది. సిలిండర్‌లో స్పార్క్ పడదు, పెట్రోల్ కాలకుండానే పొగలో పోతుంది. అదే మిస్సింగ్. మైలేజీ పడిపోతుంది, పొల్యూషన్ టెస్టులో హైడ్రోకార్బన్ రీడింగ్ పెరుగుతుంది. కార్బొరేటర్ తప్పేమీ లేకపోయినా బయటికి మాత్రం "పెట్రోల్ సరిగా రావట్లేదు" అన్నట్టే ఉంటుంది.

అంటే ప్లగ్ వైరుకు మొదటి డ్యూటీ కరెంటును మోయడం కాదు, బయటికి పోనివ్వకుండా ఆపడం. మరి రెండో డ్యూటీ ఏంటి?

ప్రతి స్పార్కూ ఒక రేడియో ట్రాన్స్‌మిటరే

పాత కీప్యాడ్ ఫోన్ స్పీకర్ పక్కన పెడితే, కాల్ వచ్చే ముందు "టక్ టక్ టక్ బర్ర్" అని వినిపించేది గుర్తుందా? రేడియో తరంగాలు అవసరం లేని చోట దూరడం అంటే అదే.

1887లో హైన్‌రిచ్ హెర్ట్జ్ రేడియో తరంగాలను ప్రయోగశాలలో పుట్టించింది స్పార్క్‌తోనే. తొలితరం వైర్‌లెస్ టెలిగ్రాఫ్ కూడా స్పార్క్ ట్రాన్స్‌మిటర్లతోనే నడిచింది. మన కారులో ప్లగ్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే మనకు అక్కర్లేకుండా. స్పార్క్ దూకిన మొదటి కొన్ని నానోసెకండ్లలో వైరు చుట్టూ పోగైన చార్జ్ మొత్తం ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, పదుల ఆంపియర్లలో. వైరు యాంటెన్నా అవుతుంది. ఏఎం రేడియోలో టిక్కు టిక్కుమని వినిపించేది అదే. వైరులోనో ప్లగ్‌లోనో కొంత రెసిస్టెన్స్ పెడితే ఆ కుదుపు మెత్తబడుతుంది. ప్లగ్ వైర్లలో ఉన్న రకాలన్నీ ఈ కారణంగా వచ్చినవే.

మూడు రకాల వైర్లు

కాపర్ కోర్: మధ్యలో రాగి తీగలు. రెసిస్టెన్స్ దాదాపు సున్నా. గట్టిది, చాలా ఏళ్లు వస్తుంది, కావాల్సిన పొడవుకు కోసి మనమే బిగించుకోవచ్చు. కానీ రేడియో నాయిస్‌ను అస్సలు ఆపదు.

కార్బన్ కోర్: దారాల్లాంటి ఫైబర్‌కు కార్బన్ పట్టించి ఉంటుంది. రెసిస్టెన్స్ మీటరుకు సుమారు 10 నుంచి 20 కిలోఓమ్‌లు. నాయిస్ బాగా తగ్గిస్తుంది, ధర కూడా తక్కువ. కానీ మొరటుగా లాగినా, మడతపెట్టినా లోపల కోర్ తెగుతుంది. వయసుతో పాటు రెసిస్టెన్స్ పెరుగుతూ పోతుంది.

స్పైరల్ కోర్: సన్నని లోహపు తీగను ఒక గట్టి దారం చుట్టూ స్ప్రింగ్‌లా దగ్గరదగ్గరగా చుడతారు. రెసిస్టెన్స్ కార్బన్ కంటే చాలా తక్కువ. హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌ను ఆపేది ఆ చుట్ట ఇండక్టెన్స్. మన్నిక ఎక్కువ, ధర కూడా ఎక్కువే.

రెసిస్టెన్స్ తక్కువైతే పవర్ పెరుగుతుందా?

"రేసింగ్ వైర్" అమ్మేవాళ్లు చెప్పేది ఇదే. ఓమ్ సూత్రంతో చూద్దాం. స్పార్క్ దూకేదాకా వైరులో చెప్పుకోదగ్గ కరెంటే పారదు. కరెంటు లేనప్పుడు రెసిస్టెన్స్‌లో వోల్టేజ్ తగ్గదు. కాబట్టి 5 కిలోఓమ్‌ల వైరైనా, సున్నా ఓమ్‌ల వైరైనా ప్లగ్‌కు చేరే వోల్టేజ్‌లో పెద్ద తేడా ఉండదు.

స్పార్క్ పట్టుకున్నాక పారే కరెంటు పదుల మిల్లీ ఆంపియర్లే. 30 మిల్లీ ఆంపియర్లు, 5 కిలోఓమ్‌లు అనుకుంటే పోయేది 150 వోల్టులు. మంచి కండిషన్‌లో ఉన్న ఇంజిన్‌కు ఇది లెక్కలోకి రాదు. మీ పాత వైర్లు బాగున్నంతవరకు, కొత్త వైరుతో పికప్ పెరగదు. పెరిగిందంటే పాత వైరు చెడిపోయి ఉందని అర్థం.

అలాగని రెసిస్టెన్స్‌ను ఎన్నిచోట్లంటే అన్నిచోట్ల పేర్చొద్దు. ప్లగ్ పేరులో "ఆర్" ఉంటే, ఉదాహరణకు ఎన్‌జీకేలో బీపీ6ఈఎస్ కాకుండా బీపీఆర్6ఈఎస్ అయితే, దాని లోపలే సుమారు 5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంది. కొన్ని ప్లగ్ క్యాపుల్లో ఇంకో 5, కొన్ని రోటర్లలో ఇంకొంత ఉంటుంది. వీటన్నిటి మీద పొడవాటి కార్బన్ వైరు కూడా పెడితే పాయింట్ల సిస్టమ్‌లో స్పార్క్ ఎనర్జీ బాగానే తగ్గుతుంది. ఒకటి రెండు చోట్ల చాలు.

మీ కారుకు ఏది? మూడు ప్రశ్నలు

1. డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో వైరు ఎలా బిగుస్తుంది? చాలామంది ఇది చూడనే చూడరు. పాత లూకాస్ టైప్ క్యాపుల్లో వైరు పక్క నుంచి దూరుతుంది. లోపల మొనదేలిన చిన్న స్క్రూ దాన్ని గుచ్చి పట్టుకుంటుంది. ఆ స్క్రూ రాగి తీగల్లోకి చక్కగా దిగుతుంది. కార్బన్ కోర్‌ను గుచ్చితే కాంటాక్ట్ సరిగా దొరకదు, కొన్నాళ్లకు అక్కడే కాలిపోతుంది. అంటే స్క్రూ క్యాప్‌కు కాపర్ కోరే. తర్వాత వచ్చిన క్యాపుల్లో వైరు చివర లోహపు టెర్మినల్ ఉండి, నొక్కితే దిగుతుంది. ఆ రకానికి మూడింటిలో ఏదైనా పెట్టొచ్చు.

2. లోపల సీబీ పాయింట్లా, ఎలక్ట్రానిక్ కిట్టా? పాయింట్లు ఉత్త స్విచ్. వాటికి రేడియో నాయిస్‌తో పనిలేదు. కాపర్ వైర్లు పెట్టి, నాయిస్ కోసం ఆర్ టైప్ ప్లగ్గులో, రెసిస్టర్ ఉన్న ప్లగ్ క్యాపులో వాడితే సరిపోతుంది. కానీ పాయింట్లు తీసేసి హాల్ సెన్సర్ కిట్ పెట్టి ఉంటే లెక్క మారుతుంది. కాపర్ వైరు నాయిస్‌కు ఆ సర్క్యూట్ తప్పుగా ట్రిగ్గర్ అవ్వొచ్చు, పాడైపోవచ్చు కూడా. కార్బన్ లేదా స్పైరల్ పెట్టండి, కిట్‌తో వచ్చిన కాగితం తప్పకుండా చదవండి. స్క్రూ క్యాప్ ఉంటే ముందు క్యాప్‌ను నొక్కే రకానికి మార్చాలి.

3. గ్యాస్ కిట్ ఉందా? ఎల్‌పీజీ మీద నడిచే కారుకు స్పార్క్ వోల్టేజ్ ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి ఇన్సులేషన్ విషయంలో రాజీ పడొద్దు.

మన ఎండకు, మన వానకు

కోర్ తేలాక చూడాల్సింది తొడుగు. పాత రకం పీవీసీ తొడుగు వేడికి గట్టిపడి పగులుతుంది. రామగుండం వైపు మే నెలలో బయటే 45 డిగ్రీలు ఉంటే బానెట్ కింద ఎంతుంటుందో ఊహించుకోండి. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద నల్లటి దుమ్ము వైరు మీద పొరలా పేరుకుంటుంది. వానాకాలంలో ఆ పొర తడిస్తే అదే కరెంటు పాకే దారి అవుతుంది. ఆదిలాబాద్ చలికాలం పొద్దుటి మంచుకు క్యాప్ లోపల తేమ పడితే బండి స్టార్ట్ అవ్వదు. అందుకే సిలికాన్ తొడుగు బెటర్. 200 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది, చలిలో మెత్తగానే ఉంటుంది. అయితే కోసుకుపోయే గుణం ఎక్కువ కాబట్టి పదునైన అంచులకు తగలకుండా చూడాలి.

7 ఎంఎం, 8 ఎంఎం అనేది తొడుగుతో కలిపిన మందం, కోర్ మందం కాదు. ఈ పాత ఇంజిన్లకు మంచి 7 ఎంఎం సరిపోతుంది. 8 ఎంఎం కొంటే పాత క్యాప్ రంధ్రాల్లో, క్లిప్పుల్లో పట్టకపోవచ్చు. బీ-సిరీస్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్, కార్బొరేటర్ ఒకవైపు, ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ ఇంకోవైపు ఉంటాయి. కాబట్టి ఖరీదైన హీట్ స్లీవ్‌లు కూడా అక్కర్లేదు.

కొనే ముందు పాతవాటిని టెస్ట్ చేయండి

మల్టీమీటర్: ఇంజిన్ ఆపి, వైరు తీసి, ఒక చివర నుంచి ఇంకో చివరకు కొలవండి. మీటరుకు 12 కిలోఓమ్‌ల కార్బన్ వైరు 40 సెంటీమీటర్లు ఉంటే 4.8 కిలోఓమ్‌లు రావాలి. కొలుస్తూ వైరును మెల్లగా వంచండి. రీడింగ్ ఎగిరిపడితే కోర్ తెగినట్టే. గుర్తుంచుకోండి, మల్టీమీటర్ కోర్ గురించే చెబుతుంది. ఇన్సులేషన్ పగులు దానికి కనపడదు.

చీకటి టెస్ట్: రాత్రి లైట్లు ఆర్పి, ఇంజిన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి దూరం నుంచి చూడండి. లీక్ ఉన్నచోట నీలం రంగు మిణుగురు కనిపిస్తుంది. స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నగా నీటి తుంపర కొడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నడుస్తున్న ఇంజిన్‌లో చెయ్యి పెట్టొద్దు, వైరు పీకి చూడొద్దు. షాక్ కొడుతుంది, ఎలక్ట్రానిక్ కిట్ ఉంటే అది కూడా పోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికి రావొద్దు.

ఏఎం రేడియో: మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి కారు పక్కన నిలబడండి. యాక్సిలరేటర్‌తో పాటు టిక్కుల స్పీడు పెరిగితే ఆ నాయిస్ ఇగ్నిషన్‌దే.

పెద్దబాపు కారులో మల్టీమీటర్ రీడింగ్‌లు అన్నీ బాగానే వచ్చాయి. చీకటి టెస్టులో తుంపర కొట్టగానే మూడో సిలిండర్ వైరు మధ్యలో, కాయిల్ నుంచి వచ్చే వైరు మొదట్లో నీలం మెరుపులు కనిపించాయి. క్యాప్ స్క్రూ టైప్, లోపల సీబీ పాయింట్లు. కాబట్టి జవాబు తేలికగా దొరికింది: సిలికాన్ తొడుగున్న 7 ఎంఎం కాపర్ కోర్ వైరు, ఆర్ టైప్ ప్లగ్గులు.

బిగించేటప్పుడు

- తీసే ముందు ఫోన్‌తో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. ఒక్కో వైరే మార్చండి, ఫైరింగ్ ఆర్డర్ తారుమారు కాదు.
- లాగేటప్పుడు క్యాప్‌ను పట్టుకోండి, వైరును కాదు.
- 3, 4 వైర్లను ఒకదానికొకటి ఆనించి పొడవునా పోనివ్వొద్దు. పక్కపక్క సిలిండర్లు, పైగా ఒకదాని వెంటే ఇంకోటి ఫైర్ అవుతాయి. ఒకదాని పల్స్ ఇంకోదాంట్లోకి దూకితే స్పార్క్ ముందే పడుతుంది. 1, 2 వైర్లకూ ఇదే రూల్.
- డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల పొడి గుడ్డతో తుడిచి, వెంట్రుక లాంటి నల్లగీత ఉందేమో చూడండి. ఉంటే క్యాప్ కూడా మార్చాలి. లేకపోతే కొత్త వైర్లు వేసీ లాభం లేదు.
- పాయింట్ల గ్యాప్, ప్లగ్ గ్యాప్ మీ కారు మాన్యువల్ ప్రకారం సెట్ చేయండి. ప్లగ్ గ్యాప్ అరిగి పెరిగితే వోల్టేజ్ డిమాండ్ కూడా పెరుగుతుంది, ఆ భారం మళ్లీ వైరు మీదే పడుతుంది.

వైర్లు మార్చాక మహబూబ్ ఘాట్ మీద మిస్సింగ్ పోయింది. కార్బొరేటర్ మీద చెయ్యే వేయలేదు. స్క్రాప్ మాట కూడా ఇంట్లో ఆగిపోయింది, ఇప్పుడు రెన్యువల్ కాగితాలు రెడీ అవుతున్నాయి.

ఒక్కసారి మొత్తంగా

- స్క్రూ క్యాప్, సీబీ పాయింట్లు: కాపర్ కోర్, దాంతో ఆర్ టైప్ ప్లగ్ లేదా రెసిస్టర్ క్యాప్.
- నొక్కే క్యాప్, సీబీ పాయింట్లు: కార్బన్ సరిపోతుంది, బడ్జెట్ ఉంటే స్పైరల్.
- ఎలక్ట్రానిక్ కిట్: కార్బన్ లేదా స్పైరల్ మాత్రమే.
- ఏదైనా సరే సిలికాన్ తొడుగు, మాన్యువల్ చెప్పిన మందం.

1089 సీసీ ప్రీమియర్ పద్మినికీ ఇదే పద్ధతి, అదీ నాలుగు సిలిండర్లే, అయిదు వైర్లే. కార్బొరేటర్ ఉన్న పాత మారుతి 800 అయితే సిలిండర్లు మూడే, కాబట్టి వైర్లు నాలుగు. ఏ కారైనా కార్బొరేటర్ ఊడదీయమనే ముందు ఒక రాత్రి బానెట్ ఎత్తి చీకటి టెస్ట్ చేయండి. దానికి కావాల్సింది ఒక స్ప్రే బాటిల్, పది నిమిషాల టైమ్.